నలుగురు దర్జీల ఊరు

ఆ ఉదయం ఆకాశం మబ్బు పట్టింది. కురిసే ఉద్దేశం మాత్రం దానికి ఉన్నట్టు లేదు. వారపత్రిక సంపాదకుడు పది గంటలకల్లా పేజీలు అచ్చుకు పంపేసి, ఇంటికి పోయి కాసేపు నడుం వాల్చాలనుకున్నాడు. ఒక్క వార్త మిగిలింది. విలేకరి దాన్ని తెచ్చి బల్ల మీద పెట్టాడు.

వార్త చిన్నదే. బడి పంతులు బస్టాండు దర్జీకి నాలుగు చొక్కాల గుడ్డ ఇచ్చాడు. చొక్కాలు మూడే వచ్చాయి. గుడ్డ చాల్లేదన్నాడు దర్జీ. నెల తిరక్కుండా అదే చారల గుడ్డ దిండు గలీబులై అతని కొట్లోనే వేలాడింది. విలేకరి ఒక గలీబు కొన్నాడు. గుడ్డ పొడవు దర్జీయే తన చేత్తో రాసిచ్చిన కొలతల చీటీని పంతులు దగ్గర తీసుకున్నాడు. ఇలాగే గుడ్డ పోగొట్టుకున్న మరో ఇద్దరి మాటలూ రాసుకున్నాడు.

సంపాదకుడు ఎర్ర కలంతో 'బస్టాండు దర్జీ' కొట్టేసి 'ఊళ్లో ఒక దర్జీ' అని పెట్టాడు.

"సార్, రుజువులున్నాయి కదండీ."

"రుజువులుంటే? పరువు నష్టం దావా పడితే కోర్టు చుట్టూ నువ్వు తిరుగుతావా? పేరు లేకపోతే దావా లేదు. ఇరవై ఏళ్లుగా ఇలాగే నెట్టుకొస్తున్నా."

ఆ ఊళ్లో దర్జీలు నలుగురే. పత్రిక బయటికొచ్చిన గంటకు ఆ సంగతి గుర్తు చేసినవాడు బస్టాండు దర్జీ. మెడలో టేపు, చెవి మీద సుద్దముక్కతో వచ్చాడు.

"నన్నే రాశారు!"

"నీ పేరెక్కడుందయ్యా అందులో?"

"ఉన్నది నలుగురం. అందులో పావు వంతు నేనేగా! రేపే వకీలు దగ్గరికి పోతున్నా."

అతను మెట్లు దిగాక విలేకరి అన్నాడు: "గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నాడు సార్."

"దొంగకి అంత గొంతు లేస్తుందా?" అన్నాడు సంపాదకుడు. అప్పటికే ఆయన సవరణ రాయడం మొదలుపెట్టాడు.

మరుసటి వారం మొదటి పేజీలో 'మేము రాసిన దర్జీ, బస్టాండు దర్జీ కాడని మనవి' అని వచ్చింది. బస్టాండు దర్జీ దాన్ని చక్కగా కత్తిరించి కొట్టు అద్దానికి అతికించుకున్నాడు. ఆ మధ్యాహ్నమే వంతెన దర్జీ, మేడమీది దర్జీ ఒకే సైకిలు మీద వచ్చారు. వాళ్లిద్దరికీ మాటల్లేక ఆరేళ్లయింది.

"అతను కాదని వేశారు. మేం కాదని వెయ్యలేదు. అంటే మేమేననా?"

"అబ్బెబ్బే..."

"అబ్బెబ్బే కాదండీ, అచ్చులో చెప్పండి."

మూడో వారం అచ్చులోనే చెప్పాడు. వంతెన దర్జీ కాడు, మేడమీది దర్జీ అసలే కాడు. పక్కన మేడమీది దర్జీ నవ్వుతున్న ఫొటో. వార్త గాలి కబురు కాదని తెలియడానికి, కొట్టు పేరు చించేసిన కొలతల చీటీ కూడా వేశాడు.

ముందు వచ్చినవాడు వంతెన దర్జీ. "అతనికి 'అసలే' వేశారు, నాకెందుకు లేదు?" అన్నాడు. తర్వాత ఫొటో స్టూడియో ఆయన వచ్చాడు.

"నా ఫొటో నన్నడక్కుండా ఎలా వేశారండీ?"

"మేడమీది ఆయన్ని అడిగాం. మొహం ఆయనదేగా!"

"మొహం ఆయనది. ఫొటో నాది."

చివరికి పంతులు వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నా గుడ్డ పోయిందని రాయమన్నాను గానీ, నా పొట్ట నలభై నాలుగని రాయమన్నానా? పిల్లలు నల్లబల్ల నిండా నలభై నాలుగులే వేశారు!"

నలుగురిలో ముగ్గురు కాదంటే మిగిలింది ఎవరో చెప్పడానికి పంతులక్కర్లేదు. ఆ నాలుగో దర్జీ విలేకరికి పిల్లనిచ్చిన మామ. వేలెడు ముక్క మిగిలినా మూటగట్టి ఇచ్చే మనిషి. ఆ వారం జనం ఒక్కొక్కరే వచ్చి, కత్తెర పడని గుడ్డలు పట్టుకుపోయారు. పెద్దాయన ఎవరినీ ఏమీ అడగలేదు. మిషను మీద ముసుగు కప్పి అరుగు మీద కూర్చున్నాడు.

విలేకరి ఇంట్లో మాత్రం అడిగేవాళ్లున్నారు.

"ఊళ్లో అందర్నీ కాదన్నారు. మా నాన్న కాదనడానికే మీ పేపర్లో చోటు లేదా?"

"అదీ వేస్తే ఊళ్లో ఇక దర్జీయే మిగలడే."

"మొగుడూ మిగలడు," అంది భార్య.

విలేకరి ఆ పూటే సంపాదకుణ్ణి వెంటబెట్టుకుని, వకీలుగా ఉన్న ఆయన అక్కగారి దగ్గరికి వెళ్లాడు. ఆవిడ మూడు సంచికలూ చదివింది. గలీబు తిప్పి చూసింది. కళ్లద్దాలు తీసింది.

"ఒరేయ్ తమ్ముడూ, మొదట ఇతను రాసిందాంట్లో తప్పేముందిరా?"

"బస్టాండు వాడు దావా వేస్తాడని..."

"వేసుకోనీ. రాసింది నిజం. రుజువుంది. నలుగురికీ తెలియాల్సిన సంగతి. పేరు పెట్టినా ఓడేది వాడే. నువ్వు పేరు తీసేసి నలుగురి నెత్తినా పోశావు. తర్వాత ముగ్గుర్ని తుడిచి, మొత్తం ఒక్కడి నెత్తిన వదిలావు. ఇప్పుడు నీ మీద దావా వేసి గెలిచేవాడు ఊళ్లో ఒక్కడే ఉన్నాడు."

"ఎవరక్కా?"

"ఇంతవరకూ నీ గుమ్మం తొక్కనివాడు."

నాలుగో వారం విలేకరి రాసిన వార్త రాసినట్టే పడింది, బస్టాండు దర్జీ ఆనవాలుతో సహా. చీటీలో పొట్ట కొలత మీద నల్లగీత వేశారు. గలీబు ఫొటోను స్టూడియో ఆయన్నే అడిగి తీయించి, కింద ఆయన పేరు వేశారు. పెద్దాయనకు పెద్ద అక్షరాల్లో క్షమాపణ చెప్పారు. సంపాదకుడు ఆఫీసు తలుపు ఒక రెక్క మూసి, సాయంత్రం దాకా మెట్ల చప్పుడు వింటూ కూర్చున్నాడు. ఎవరూ రాలేదు. బస్టాండు దర్జీ కొట్టుకు తాళం వేసి చుట్టాల ఊరికి పోయాడట. అద్దం మీద కాగితం చింపిన జిగురు మరక మిగిలిందట.

రెండు రోజుల్లో, పట్టుకుపోయిన గుడ్డలన్నీ పెద్దాయన అరుగు మీదికి తిరిగొచ్చాయి. పంతులు కొత్త గుడ్డ తెచ్చాడు. కొలతలు చెవిలో చెప్పాడు.

ఆదివారం మధ్యాహ్నం సంపాదకుడు క్షమాపణ నోటితో కూడా చెబుదామని విలేకరిని తోడు తీసుకుని ఆ ఇంటికి వెళ్లాడు. పెద్దాయన మిషను ఆపి ఇద్దర్నీ ఎగాదిగా చూశాడు.

"భోజనాల వేళకొచ్చారు. కాళ్లు కడుక్కోండి."

విలేకరి భార్య కూడా పుట్టింట్లోనే ఉంది. ముగ్గురికీ వడ్డించి తనూ కూర్చుంది. సంపాదకుడు రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. రెండుసార్లూ ఆవిడ ఆయన కంచంలో మరో గరిటె వేసింది. ఆ తర్వాత ఎవరూ మాట్లాడకుండా కడుపు నిండా తిన్నారు.

సంపాదకుడు ఆ పూట ఒక్క మాటా అనలేదు కాబట్టి, వెనక్కి తీసుకోవలసిందీ ఏమీ లేకపోయింది.