చిట్టి మెగ్నీషియం గుళికను మింగిన విధంబు

స్వస్తి! సహస్రకిరణుడు ఆఫీసు వదిలిన గుమాస్తావలె చరచర పడమటి మేడల వెనుకకు జారుకొనుచున్న సాయంసంధ్యాసమయంబున, రెండవ అంతస్తు వాటాలో, ఒక కాలు కుంటిదగు భోజనపుబల్ల యను రణరంగము చెంత, నాలుగు కిలోల ఇనుపగుండును పూబంతివలె విసరివైచు ప్రచండబాహుదండ, కళాశాలా క్రీడాకులతిలక, ఇంటివారిచే మాత్రము ‘చిట్టి’ యని పిలువబడు వీరాంగన, తన అరచేతిలోని శత్రువును రెప్పవాల్చక వీక్షించుచుండెను.

ఆ శత్రువు ఒక మెగ్నీషియం గుళిక. శ్వేతకాయుడు, బొద్దుమేనివాడు, మౌనవ్రతుడు.

ఏల ఈ సంగ్రామము? తెల్లవారిన షాట్‌పుట్ పోటీ. పిక్కలు పట్టివేయుటచే మూడు రాత్రులుగా నిద్రాదేవి ఆ పిల్ల గడప తొక్కలేదు. “రేపు కూడా కళ్ళు ఇలాగే ఉంటే నిన్ను పక్కన కూర్చోబెడతా” నని కోచ్ తెగేసి చెప్పెను. “అందరికీ పనిచేస్తుందని చెప్పలేనమ్మా, వేసుకుని చూడు” అని డాక్టరమ్మ సీసా ఇచ్చెను. అయితే జగత్తెరుగని రహస్య మొకటి కలదు: ఈ భీమబల పుట్టి బుద్ధెరిగిన పిదప ఒక్క మాత్రనైనను నలపక మింగలేదు. తల్లి చెంచాలో నలిపి పంచదార కలిపి పోయుటయే ఆచారము. ఈ సీసాపైనో, నలపరాదని శిలాశాసనము!

“ఒరే తెల్లమొహం గుళికా!” అని చిట్టి గర్జించెను. “ఎంతెంత బరువులెత్తాను! నువ్వెంత, నీ బతుకెంత? ఇవాళ నువ్వో నేనో తేలిపోవాలి!”

“ముందు నోట్లో వేసుకోవే, తర్వాత తిట్టచ్చు,” అని తల్లి గ్లాసు నింపెను.

వీరాంగన గుళికను నోట నిడి, నీరు పట్టి, అభ్యాసవశమున గుండు విసరునట్లే గడ్డ మెత్తి, మెడ వెనుకకు విరిచి, పాదమున నేలదన్ని గుటక వేసెను. నీరు పోయెను, గుళిక పోలేదు. మరల విరిచెను, మరల పోలేదు. మూడవ పర్యాయము పుట్టిన దగ్గుప్రళయమునకు గుళిక గగనమార్గమున పయనించి తండ్రిగారి టీకప్పులో నిమజ్జనమయ్యెను.

“దూరం బాగానే వెళ్ళింది,” అన్నారాయన కప్పులోకి తొంగిచూసి. “రేపు కూడా ఇలాగే విసురు తల్లీ.”

“నాన్నా, నవ్వకు! నిద్ర లేకపోతే రేపు నన్ను బెంచీ మీద కూర్చోబెడతారు!” చిట్టి కనుకొలకుల నిజముగనే నీరు నిలిచెను.

అంతట, దినమునకేడు మాత్రల నవలీలగ సంహరించు రణపండిత, నాయనమ్మ, సీసానుండి క్రొత్త గుళికను తీసి, కుర్చీ జరుపుకొని వచ్చెను.

“ఓసి పిచ్చిమొహమా! అది పొడి నింపిన డొప్పమాత్ర, నీళ్ళమీద తేలుతుంది. నువ్వు మెడ వెనక్కి వాలిస్తే అది పైకి తేలి పళ్ళ దగ్గర కూర్చుంటుంది. తల వంచు.”

“వంచితే కిందపడిపోతుంది కదా నాయనమ్మా!”

“నోరు మూసుకుంటే ఎక్కడ పడుతుందే? వంచు!”

మెడ వినలేదు. ఐదేండ్ల అభ్యాసము ఆ గడ్డమును ఆకాశమునకే లాగుచుండెను. గంటన్నర సాగెను పోరు; మెత్తబడిన గుళికల స్థానమున క్రొత్తవి దిగెను, ఒక జగ్గు ఖాళీయయ్యెను. తుదకు నాయనమ్మ ఆ మహోన్నత శిరస్సును అరచేత అదిమిపట్టి, “మింగు!” అని హుంకరించినంతనే—

గుటుక్కు.

“పోయిందా?”

“పోయింది!” అని పలికి, విజయగర్వమున బల్లపై తల వాల్చి, మరి యెత్తలేదు.

“ఇంత త్వరగా పనిచేస్తుందా అత్తయ్యా?” అని తల్లి విస్తుపోయెను.

“కడుపులో డొప్ప ఇంకా కరిగి కూడా ఉండదు. పోట్లాడి పోట్లాడి సోలిపోయింది. లేపకు.”

ఇట్లు ఆ దినాంతమున ఏకగుళికామర్దిని యగు చిట్టి, దిక్కులు పిక్కటిల్లు గురకయే జయభేరిగా, తెల్లవారువరకు కదలక మెదలక నిద్రించెను. ఓ శ్రోతలారా, దిక్పాలురు సాక్షిగా లిఖించుకొనుడు: మానవజాతి ఒకటి, మెగ్నీషియం సున్న!