అద్దెకు తెచ్చిన పచ్చదనం

ఉదయం ఎనిమిదింటికే ప్లాస్టిక్ మూతల ఫ్యాక్టరీ యజమానిగారి అల్లుడు ఆకుపచ్చ చొక్కా తొడుక్కుని, ఆఫీసు హాల్లో కుర్చీ ఎక్కి నిలబడ్డారు. కుర్చీ ఎక్కి మాట్లాడవలసినంత జనం అక్కడ లేరు. ఎదురుగా ఉన్నది ఇద్దరే. ఒకరు స్టోర్‌కీపరు, ఇంకొకరు కంప్యూటర్లు చూసుకునే అమ్మాయి. ఉపన్యాసమన్నాక ఎత్తు ఉండాలని అల్లుడుగారి నమ్మకం.

పెళ్ళయిన నాలుగేళ్ళలో మామగారు ఆయన్ను ఫ్యాక్టరీలో అన్ని విభాగాల్లోనూ పెట్టి చూశారు. అమ్మకాల్లో పెడితే కొనేవాళ్ళు మొహం చాటేశారు. అచ్చుల దగ్గర పెడితే ఏ సీసాకూ పట్టని మూతలు ముప్పై వేలు తయారయ్యాయి. కూతురి మొహం చూసి ఇంటికి పంపలేక, ఏ యంత్రానికీ దగ్గర్లో లేని ఉద్యోగం కోసం వెతికి, చివరికి పర్యావరణ మేనేజరు అనే పదవిని ఆయనే సృష్టించారు. ఓ పెద్ద హోటల్లో జరిగిన సదస్సుకు కూడా పంపారు. అల్లుడుగారు అక్కడ సుష్టుగా భోంచేసి, పర్యావరణ పదాల పుస్తకం ఒకటి చంకన పెట్టుకొచ్చారు. పదాలన్నీ కంఠతా పట్టారు. అర్థాలు వెనక పేజీల్లో ఇచ్చారు కనుక అంతదూరం వెళ్ళలేదు.

ఇప్పుడు ఆ పదాలతోనే పనిపడింది. ఫ్యాక్టరీ మూతల్లో ముప్పాతిక భాగం కొనేది ఒక కూల్‌డ్రింకుల కంపెనీ. తమకు సరుకు ఇచ్చేవాళ్ళు పర్యావరణాన్ని కాపాడుతున్నారో లేదో చూసి రమ్మని ఆ కంపెనీ పరిశీలకుణ్ణి పంపుతోంది. ఆయన పదకొండింటికి వస్తారని కబురు. ఆయనకు నచ్చకపోతే ఆర్డరు పోతుంది. ఆర్డరు పోతే రెండు వందలమంది నోటి దగ్గర కూడు పోతుంది.

“ఇదిగో, ఈ కాగితంలో ఐదు మాటలున్నాయి. వచ్చినాయన ఎటు తిరిగినా ఇవి కనపడాలి. ఒక్కటి కనపడకపోయినా రేపు మీరిద్దరూ ఇక్కడ కనపడరు,” అన్నారు అల్లుడుగారు.

“అర్థాలు కూడా చెప్తే బాగుంటుంది సార్,” అన్నాడు స్టోర్‌కీపరు. చెప్పింది చెప్పినట్టు చేసినవాడి ఉద్యోగం ఊడదని పాతికేళ్ళ సర్వీసులో తెలుసుకున్న మనిషి.

“మాటలోనే ఉందయ్యా అర్థం! నెట్ జీరో. అంటే ఏంటి? నెట్టు, జీరో. పదకొండుకి ముందే అయిపోవాలి. కార్బన్ ఫుట్‌ప్రింట్. కార్బనంటే మసి, ఫుట్‌ప్రింటంటే అడుగు. ఫ్యాక్టరీ మొత్తమ్మీద ఒక్క అడుగు మచ్చ కనపడకూడదు. జీవవైవిధ్యం అంటే రకరకాల మొక్కలు. అరవై కుండీలు నర్సరీ నుంచి నిన్ననే అద్దెకి తెప్పించా.”

“కార్బన్ సింకో సార్?”

“చేతులు కడుక్కునే సింకులు నాలుగు లేవూ? వాటిమీద బోర్డులు పెట్టెయ్.” గాలిలో కార్బన్‌ను పీల్చుకునే అడవుల్లాంటివాటికి ఆ పేరని పుస్తకం వెనక పేజీల్లో ఉంది.

“పునరుత్పాదక శక్తి?”

అల్లుడుగారు కుర్చీ దిగి గొంతు తగ్గించారు. పై కప్పు మీద పన్నెండు సోలారు పలకలు ఉన్నాయి. తెలిసినవాళ్ళ షాపు నుంచి అడిగి తెచ్చినవి. “ఆయన రాగానే మెయిన్ ఆపేద్దాం. వెనక డీజిల్ జనరేటరు తిప్పుదాం. మిషన్లు ఆగవు. అంతా ఎండతోనే నడుస్తోందనుకుంటాడు.”

“జనరేటరు కనపడుతుంది కదా సార్?”

“ఆకుపచ్చ టార్పాలిను కప్పు. చుట్టూ కుండీలు పెట్టు.”

“పొగగొట్టం బయటికొస్తుందేమో.”

“ముందు కప్పాల్సింది అదేగా! అన్నీ నేనే చెప్పాలా?”

ఎనిమిదింబావుకల్లా కంప్యూటర్ల అమ్మాయి ఆఫీసు మొత్తానికి ఇంటర్నెట్ పీకేసింది. ఎనిమిదిన్నరకు కూల్‌డ్రింకుల కంపెనీ నుంచి ఒక మెయిలు వచ్చింది. అనుకున్న పరిశీలకుడికి జ్వరం కనుక ఆయన బదులు తాను వస్తున్నానని, పదింటికే వస్తానని, బస్సులో వస్తాను కాబట్టి కారు పంపవద్దని ఒకావిడ అందులో రాసింది. ఆ మెయిలు ఎవరూ చూడలేదు. చూసే దారి లేదు.

ఈలోగా స్టోర్‌కీపరు అడుగుమచ్చల పని పట్టాడు. పనివాళ్ళందరి చెప్పులూ బూట్లూ గేటు దగ్గరే విప్పించి గుట్ట పోయించాడు. లోపల నేలంతా సబ్బునీళ్ళతో కడిగించాడు. తుడవడానికి టైము చాల్లేదు.

పదింటికి ఒకావిడ గేటు దాటి వచ్చింది. నూలుచీర, భుజాన గుడ్డసంచి, కాళ్ళకు రోడ్డు దుమ్ము. అందరూ విడిచారు కదా అని తనూ చెప్పులు విడిచి, ఆఫీసు హాల్లోకి వచ్చి, వంగి ఒక కుండీలో మట్టి తాకి చూసింది. నీళ్ళు పోయడానికి పొద్దున్నే మనిషిని పంపుతామని నర్సరీవాళ్ళు చెప్పి ఉన్నారు. అల్లుడుగారికి ఇంకేం కావాలి?

“వచ్చారా? ఇంత ఆలస్యమైతే ఎలాగమ్మా?”

“పదింటికని చెప్పాను కదండీ.”

“సర్లెండి. మొక్కల సంగతి మీరేగా చూసేది?”

“మొక్కలు, నీళ్ళు, కరెంటు, అన్నీ చూడమన్నారు.”

“కరెంటు జోలికి పోకండి! పై కప్పు మీద పలకల్ని అసలు ముట్టుకోకండి. వాటికి తీగలు లేవు, గాలికి పడిపోకుండా తాళ్ళతో కట్టాం. ఈ కుండీలు సాయంత్రం నాలుగింటిదాకానే. పరిశీలకుడు అటు వెళ్ళగానే ఇటు పట్టుకుపోండి. ఆయన ముందు మాత్రం ఈ మొక్కలు ఇక్కడే పుట్టి ఇక్కడే పెరిగాయన్నట్టు ఉండాలి.”

ఆవిడ ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూసింది. తర్వాత సంచిలోంచి నోటుపుస్తకం తీసింది. “ఇంకేమన్నా ఉన్నాయా అండీ?”

“రాసుకుంటున్నారా? శభాష్! పనిమీద శ్రద్ధంటే ఇదీ. ఉన్నాయి, రాసుకోండి.” అల్లుడుగారు చెప్పుకుపోయారు. వినేవాళ్ళు దొరకడం ఆయన జీవితంలో అరుదు.

మరో పావుగంటకు గేటు ముందు జీపు ఆగింది. మల్లెపువ్వులాంటి చొక్కా, చేతిలో అట్ట, అట్టకు గుచ్చిన కాగితాలు. దిగినాయన నర్సరీ యజమాని. కుండీలు లెక్క చూసుకోవడానికి తనే స్వయంగా వచ్చాడు. కిటికీలోంచి చూసిన మామగారు, పరిశీలకుడు ముందే వచ్చేశాడనుకుని, చెప్పులైనా వేసుకోకుండా ఎదురెళ్ళి, చెయ్యి పట్టుకుని ఏసీ గదిలోకి తీసుకొచ్చి కూర్చోబెట్టారు.

“మా దగ్గర అంతా ఎలా ఉందంటారు?” అన్నారు టీకప్పు అందిస్తూ.

ఇంత మర్యాదకు నర్సరీ యజమాని కాస్త ఇబ్బందిపడ్డాడు. “చూసినంతవరకు బానే ఉందండి. కాకపోతే ఒక్క మాట. మీవాళ్ళు నీళ్ళు మరీ ఎక్కువ వదిలేస్తున్నారు. అడుగున చేరి కుళ్ళిపోతుంది.”

మామగారు గబుక్కున గది తలుపు మూశారు. ఫ్యాక్టరీ రంగునీళ్ళు వెనక కాలువలోకి పోతున్నాయన్నది ఆయన ఇంట్లో కూడా చెప్పని విషయం.

“మీకు… మీకెలా తెలిసిందండీ?”

“ముప్పై ఏళ్ళ అనుభవమండీ. పైన రంగు చూస్తే అడుగున ఏముందో చెప్పేస్తాను.”

“ఈ ఒక్కసారికీ చూసీ చూడనట్టు వదిలేయండి సార్. రేపట్నించి చుక్క కూడా వదలం.”

“అయ్యయ్యో, అలా ఆపేస్తే చచ్చిపోతాయండీ! రోజుకో గ్లాసు వదలండి, చాలు.”

ఫ్యాక్టరీ నీళ్ళను రోజుకో గ్లాసు చొప్పున వదలడం ఎలాగో మామగారికి అంతుపట్టలేదు. అయినా పెద్ద చదువులు చదివినవాళ్ళు ఊరికే చెప్పరని తల ఊపి, మిషన్ల హాల్లోకి దారి తీశారు.

పదకొండు కొట్టింది. అల్లుడుగారు చెయ్యి పైకెత్తారు. మెయిన్ ఆగింది. వెనక జనరేటరు అందుకుంది. మూతలు టపటపా రాలుతూనే ఉన్నాయి.

“చూశారా సార్? కరెంటు లేదు. అంతా ఎండ!”

“ఎండ మంచిదేనండి. ఎటొచ్చీ నీడ మొక్కలకే పడదు,” అన్నాడు నర్సరీ యజమాని. అల్లుడుగారు ఆ మాటలో ఏదో గొప్ప అర్థం ఉందనుకుని చప్పట్లు కొట్టారు.

చప్పట్లు ముగిసేసరికి వెనక గుమ్మంలోంచి పొగ మొదలైంది. కుండీల మధ్య నుంచి, ఆకుల సందుల్లోంచి, నల్లగా, చిక్కగా వస్తోంది. అల్లుడుగారు పక్కనే ఇంకా రాసుకుంటున్న గుడ్డసంచి ఆవిడ మీద విరుచుకుపడ్డారు.

“ఏమ్మా! ఏం మొక్కలు పంపారు? పొగ వదులుతున్నాయి!”

“మొక్కలు పొగ వదలవండీ. వాటి వెనకాల ఏముంది?”

“జీవవైవిధ్యం,” అన్నాడు స్టోర్‌కీపరు, నేర్పిన పాఠం అప్పజెబుతూ.

ఆవిడ అప్పటికే అటు పరిగెత్తింది. నిప్పు లేనిదే పొగ రాదంటారు. టార్పాలిను ఒక మూల అంటుకుని కారుతోంది. “ముందు మిషను ఆపండి! బకెట్లేవీ?” అని ఆవిడ అరిస్తే, “కార్బన్ సింకుల కింద!” అని స్టోర్‌కీపరు అరిచాడు. ఆ అరుపు అర్థమైనవాళ్ళు నలుగురే. మిగతావాళ్ళంతా ఒక్కసారిగా బయటికి ఉరికారు. కింద సబ్బునీళ్ళు, కాళ్ళకు చెప్పులు లేవు. ముందువాళ్ళు జారారు, వెనకవాళ్ళు వాళ్ళమీద పడ్డారు. అందరికన్నా ముందు పారిపోబోయిన అల్లుడుగారు అందరికన్నా దూరం జారి, గేటు దగ్గర చెప్పుల గుట్టలోకి దూసుకుపోయి ఆగారు.

ఆవిడా స్టోర్‌కీపరూ కలిసి పది బకెట్లతో మంట ఆర్పారు. అదృష్టంకొద్దీ ఎవరికీ దెబ్బలు పెద్దగా తగల్లేదు. మసి నీళ్ళు మాత్రం హాలంతా పారాయి. ఆ నీళ్ళు తొక్కి అటూ ఇటూ తిరిగినవాళ్ళ పాదాలు తెల్లటి నేలమీద వేళ్ళతో సహా అచ్చుపడ్డాయి. కార్బన్ ఫుట్‌ప్రింట్ అంత స్పష్టంగా కనిపించిన ఫ్యాక్టరీ మరొకటి ఉండదు.

మామగారు చేతులు జోడించి నర్సరీ యజమాని ముందు నిలబడ్డారు. “సార్, దయచేసి ఇది మాత్రం రాయకండి.”

“రాయకపోతే ఎలాగండీ? పద్దెనిమిది కుండీలు మాడిపోయాయి!”

“కుండీలా? పోతే పోయాయి, ఆ నర్సరీవాడి సంగతి తర్వాత చూసుకుందాం.”

“ఆ నర్సరీవాణ్ణి నేనేనండి.”

“మరి… పరిశీలకుడు?” అన్నారు మామగారు పీలగా.

గుడ్డసంచి ఆవిడ తడిసిన కొంగు పిండుకుంటూ, “నేనేనండి. పొద్దున మెయిలు పెట్టాను, చూడలేదా?” అంది.

“నెట్టు జీరోలో ఉంది మేడమ్,” అంది కంప్యూటర్ల అమ్మాయి.

అయ్యవారిని చేయబోతే కోతి అయిందని మామగారికి అర్థమైంది. చెప్పుల గుట్టలోంచి లేస్తున్న అల్లుణ్ణి చూసి, జీవితంలో మొదటిసారి ‘గారు’ మానేశారు. “రేపట్నించి నువ్వు ఇంటి దగ్గరే ఉండు బాబూ. అమ్మాయికి తోడుగా ఉంటుంది.” పనివాళ్ళ మొహాలు మసికన్నా నల్లబడ్డాయి. మా సంగతేమిటని అడిగితే ఆయన గుడ్డసంచి ఆవిడ వైపు చెయ్యి చూపించారు.

ఆవిడ ఆ సాయంత్రమే కూర్చుని నివేదిక రాసింది. అబద్ధం రాయడం ఆవిడకు చేతకాదు. ఫారంలో ఎడమవైపు అవునో కాదో గుర్తు పెట్టాలి, కుడివైపు వివరణ ఇవ్వాలి. నెట్ జీరో గురించి సిబ్బందికి తెలుసా? అవును, ఆ మాట విని ఇంటర్నెట్ ఆపేశారు. ప్రాంగణంలో జీవవైవిధ్యం ఉందా? అవును, సాయంత్రం నాలుగింటివరకు. సోలారు పలకలున్నాయా? అవును, తాళ్ళతో కట్టి ఉన్నాయి. కార్బన్ ఫుట్‌ప్రింట్‌ను గుర్తించారా? అవును, కొలతలు కావాలంటే నేలమీద చూడవచ్చు. ఇలా ఇరవై ప్రశ్నలకూ నిజమే రాసి, ఈ ఫ్యాక్టరీకి గుర్తింపు ఇవ్వవద్దని చివర్లో అడుగున గీత గీసి మరీ సంతకం పెట్టింది.

పది రోజులు మామగారికి తిండి సహించలేదు. పదకొండో రోజున ఉత్తరం వచ్చింది. పెద్దాఫీసు కంప్యూటరు ఎడమవైపు గుర్తుల్ని లెక్కపెట్టి, ఇరవైకి ఇరవై వచ్చిన ఫ్యాక్టరీ దేశం మొత్తమ్మీద ఇదొక్కటేనని తేల్చింది. ఆర్డరు రెట్టింపైంది. ఇంత సాధించిన పర్యావరణ మేనేజరును వెంటనే పంపమని, మిగతా ఫ్యాక్టరీలవాళ్ళకు ఆయన చేత పాఠాలు చెప్పిస్తామని కింద రాశారు. మామగారు ఆ ఉత్తరం మూడుసార్లు చదివి, ఇంటికి ఫోన్ చేసి, “అల్లుడుగారిని ఒకసారి పిలువమ్మా,” అన్నారు.

పరిశీలకురాలు పై అధికారి దగ్గరికి వెళ్ళి, “కుడివైపు ఎవరన్నా చదివారా సార్?” అని అడిగింది.

“అక్కడ రాసేటంత చోటు అసలు ఎందుకిచ్చారమ్మా మనవాళ్ళు?” అని ఆశ్చర్యపోయి, ఆయన కొత్త ఫారంలో ఆ వైపు తీసేయించాడు. పైగా ఆవిడకు మంచిని చూసే దృష్టి అలవడాలని ఒక ఆదేశం కూడా జారీచేశాడు.

ఆ నెలాఖరున అల్లుడుగారి మొదటి పాఠానికి హాలు నిండిపోగా, పై అధికారి ఆదేశం ప్రకారం పరిశీలకురాలు ముందు వరుసలో కూర్చుని శ్రద్ధగా నోట్సు రాసుకుంది.