ఉపేంద్ర ఫోటోకు దండ

ఇట్లా దగ్గరికి జరగండి, ఆ సెల్లు కాసేపు పక్కన పెట్టండి. మన మాచర్ల ఉపేంద్ర టీవీలో ఎట్లా పైకొచ్చాడో తలా ఒక రకంగా చెబుతున్నారు. జరిగింది ఇదీ.

ఉపేంద్ర తండ్రి త్రికోటేశ్వరరావుకు పురుగుమందుల కొట్టు ఉంది. కొడుకేమో హైదరాబాదులో రెండేళ్లు సీరియళ్ల గుంపుల్లో నిలబడ్డాడు. ఒక పెళ్లిలో వాడి వీపు, ఒక ఆసుపత్రిలో వాడి మోచెయ్యి కనపడ్డాయి. ఉగాదిలోపు మొహం కనపడకపోతే వచ్చి కొట్లో కూర్చోవాలని తండ్రి గడువు పెట్టాడు. గడువు వారం ఉందనగా ఉపేంద్ర తల్లికి ఫోను చేశాడు. మంచి వేషం దొరికిందనీ, సోమవారం నుంచి రోజూ కనపడతాననీ, అదీ హాలు నడిమధ్యలోననీ చెప్పాడు. అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు.

సోమవారం పొద్దున్నే వాళ్లమ్మ కోటమ్మ వీధంతా పిలిచి, సాయంత్రానికి గారెలు వండింది. పక్కింటి మాబున్నీసా అందరికంటే ముందొచ్చి టీవీ ఎదురుగా కూర్చుంది. సీరియల్ మొదలైంది. హాలు కనపడింది. హాలు మధ్య గోడకు ఉపేంద్ర ఫోటో, ఫోటోకు చామంతి దండ, కింద దీపం. ఎదురుగా కోడలు ఏడుస్తోంది. వాడి వేషం అంతే. గారె చేతబట్టినవాళ్లు తినాలో మానాలో తెలియక కోటమ్మ వంక చూశారు.

"బతికున్నోడికి దండేత్తారా" అని కోటమ్మ శోకాలు మొదలుపెట్టింది. ఎవరో ఆ దండనూ, ఆ ఏడుపునూ వీడియో తీసి చుట్టాల గ్రూపులో పెట్టారు. గురజాలలో ఉన్న ఆమె అన్న ఆంజనేయులు అది చూసి, తెల్లారేసరికి రెండు ఆటోల జనంతో దిగాడు. త్రికోటేశ్వరరావు అరుగు మీద టిఫిన్ చేస్తున్నాడు.

"కొడుకు పోయినా నీకు ఇడ్లీ ఎట్టా దిగుతుంది బావా?"

"పోయింది వాడు కాదయ్యా, నా పరువు."

వచ్చినవాళ్లకు కొత్త చిక్కొచ్చింది. చావు పరామర్శకని బయల్దేరారు, చావేమో లేదు. ఇంటికి పోయి తలస్నానం చెయ్యాలా వద్దా అని వాళ్లు వాదించుకుంటుండగానే, కోటమ్మ మాబున్నీసాను వెంటబెట్టుకుని హైదరాబాదు బస్సెక్కింది. ఆ దండ తియ్యందే పచ్చి మంచినీళ్లు ముట్టనంది.

ఏడ్చి ఏడ్చి ఉబ్బిన ఆమె మొహం చూసి, పరామర్శ సీనుకు పిలిపించిన మనుషులనుకుని షూటింగువాళ్లు లోపలికి పంపారు. సరిగ్గా అప్పుడే కెమెరా తిరుగుతోంది, కోడలు ఫోటో ముందు ఏడుస్తోంది. కోటమ్మ కుర్చీ లాక్కుని ఎక్కి దండ తెంపేసింది.

"ఏమే అమ్మాయ్, ఆపు ఆ ఏడుపు. నా కొడుకు చావలేదు. బయట టీ తాగుతున్నాడు."

టీ గ్లాసుతో గుమ్మంలో నిలబడ్డ ఉపేంద్రను డైరెక్టరు అప్పటికప్పుడే పొమ్మన్నాడు. తిరుగు బస్సు సాగర్ దాటాక వాడు తల్లి వైపు తిరిగాడు. "నా బతుకు నిలబెట్టబోయి నా బతుకుదెరువు తీశావమ్మా" అన్నాడు.

"బతికుంటే బలుసాకు తినొచ్చు" అంది కోటమ్మ, అరటిపండు ఒలుస్తూ.

బస్సు మాచర్ల చేరకముందే డైరెక్టరు ఫోను చేశాడు. తీసింది వేసి చూసుకుంటే, కోటమ్మ అన్న మాట అంత నిజంగా ఏ నటీ అనలేదట. కథ మార్చేశారు. కొడుకు బతికే ఉన్నాడు, కాకపోతే స్పృహ లేదు. ఉపేంద్ర మంచం మీద కళ్లు మూసుకుని పడుకోవాలి. పక్కన కూర్చుని మాట్లాడే తల్లి వేషం కోటమ్మది. ఏడు నెలల్లో ఆ పడుకున్న మొహం తెలియని ఇల్లు లేదు. వాడు లేవాలని మొక్కుకున్నవాళ్లూ ఉన్నారు.

మొన్న తల్లీకొడుకులు మాచర్ల బస్టాండులో దిగితే జనం ఎగబడ్డారు. ఉపేంద్ర జుట్టు సర్దుకున్నాడు. ఒక పిల్ల వచ్చి వాడి చేతిలో ఫోను పెట్టి, "అన్నా, కోటమ్మగారితో మాకో ఫోటో తియ్యవా" అంది. వాడు బిక్కమొహం వేశాడు. ఎదురెళ్లిన మాబున్నీసాకు జాలేసింది.

"ఒరేయ్ ఉపేంద్రా, కళ్లు మూసుకోరా. గుర్తుపడతారు."

మూసుకున్నాడు. బస్టాండంతా ఘొల్లుమని వాడి మీద పడింది.

ఇది గుర్తుపెట్టుకుని, ఎవరన్నా అడిగితే ఇట్లాగే చెప్పండి. త్రికోటేశ్వరరావును మాత్రం కదిలించకండి. మొహం కనపడాలన్నాడే గానీ, కళ్లు తెరిచి కనపడాలని ఆయన ఆనాడు అనలేదు.