శంకరియమ్మాళ్ తాంబాళం కనబడలేదు

బుధవారం పొద్దున ఇడ్లీ తింటూ పాండురంగన్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. మధ్యాహ్నంలోగా ప్యానెల్ చేసెయ్యాలి, సాయంత్రం దాన్ని రామలింగ రాజా గారింటి కల్యాణంలో పెట్టాలి. లోకంలో పెద్ద పెద్ద అనర్థాలన్నీ ఇడ్లీ దగ్గర మొదలైనవే.

పాండురంగన్ రాజపాళయంలో మైకుసెట్టు బాడుగకిచ్చేవాడు. అతని వైర్లు ప్రతి పందిట్లోనూ పుట్ట పగిలిన పాముల్లా పాకేవి. పోయిన ముహూర్తంలో సరిగ్గా తాళి కట్టే వేళకు పెండ్లికొడుకు మేనమామ వైరు తట్టుకుని పడ్డాడు. నాదస్వరం ఆగిపోయి, మంగళవాద్యం బదులు ఆయన తిట్లు ఊరంతా మోగాయి. అందుకే మదురైలో ఏదో హాలులో చూసిన మాదిరి ఒక ఇనుప ర్యాక్ చేయించాడు. కింద ఆంప్లిఫైయరు, పైన రికార్డు ప్లేయరు, నడుమ ఒక రేకు. మైకులైనా హారన్లైనా ప్లగ్గులన్నీ ప్యానెల్ అనే ఆ ఒక్క రేకులోనే గుచ్చాలి.

మదురై నుంచి రావలసిన రేకు రాలేదు. భార్య భాగ్యం అక్కను చూడడానికి చోళపురం పోయింది. దళసరి రేకు కోసం ఇల్లంతా గాలించిన పాండురంగన్ కళ్ళకు అటక మీద ఇత్తడి తాంబాళం కనబడింది. అది గుండ్రంగా ఉంది, ర్యాక్ చదరంగా ఉంది. అయితేనేం, చింతపండు పెట్టి తోమితే బంగారమే. గబగబా బెజ్జాలు తొలిచి, సాకెట్లు బిగించి, ర్యాక్‌లో నిలబెట్టాడు. అప్పుడు చూశాడు, అంచు మీద సుత్తితో కొట్టిన అత్తగారి పేరు, ఊరు: శంకరియమ్మాళ్, సత్రపట్టి. సారె సామాను మీద పేరు కొట్టించేది ఇచ్చినదెవరో అల్లుడు మరిచిపోకూడదనే. పాండురంగన్ మరిచిపోయాడు.

అయితే అది పలకడం మాత్రం అద్భుతంగా పలికింది. రికార్డు పెడితే సత్రపట్టిలో వట్టిపోయిన గేదెలు కూడా పాలు చేపాయట.

మధ్యాహ్నానికి భాగ్యం వచ్చింది.

"ఏమండీ, సాయంత్రం బస్సుకు అమ్మ వస్తా ఉండాది. శుక్రవారం నా సీమంతం కదా, గాజులు తన తాంబాళంలోనే పెట్టాలంట. అటక మీదనుంచి దించండి."

అత్తగారు పప్పులో నెయ్యి వద్దన్నాడని అల్లుడితో ఏడాది మాట్లాడని మనిషి. తాంబాళానికి బెజ్జాలు పడ్డాయని తెలిస్తే, కాన్పుకు తీసుకుపోయిన కూతుర్ని బిడ్డ బడిలో చేరేదాకా పంపదు.

"అది... రాజా గారింటికి ఇచ్చినానే, కల్యాణానికి."

"వాళ్ళింట్లో తాంబాళాలు లేవా?"

"చాలలేదంట!"

ఎటూ అది అక్కడికే పోతున్నది కాబట్టి సగం అబద్ధమే అనుకుని మనసు సమాధానపరచుకున్నాడు. పేరు కనబడకుండా తాంబాళానికి పూలమాల చుట్టి, ర్యాక్ బండికెత్తించాడు.

శంకరియమ్మాళ్ బస్సు దిగి ఇంటికొచ్చి, సంగతి విని, నీళ్ళైనా తాగకుండా కల్యాణ పందిటికి నడిచింది. తన తాంబాళం ఇమ్మని అడిగితే రాజా గారింటి యజమానురాలు చెల్లమ్మ నోరు తెరిచింది.

"ఏమమ్మా, మా ఇంట్లో తాంబాళం లేక సత్రపట్టి నుంచి తెచ్చుకుంటామా?"

"మా మాపిళ్ళ అబద్ధం చెప్పడమ్మా. మా అల్లుడికి అంత తెలివి లేదు."

చెల్లమ్మకు రోషం వచ్చింది. ఇంట్లో ఉన్న తాంబాళాలన్నీ వాకిట్లో పేర్పించింది. పెండ్లివారికి కాలు పెట్టే చోటు లేదు. శంకరియమ్మాళ్ ఒక్కొక్కటీ తిప్పి చూసింది. తనది లేదు.

"అయితే ఎవరో ఎత్తుకపోయినారు! మా ఇంటికే అపవాదా?" అని చెల్లమ్మ మైకు వైపు తిరిగింది. "ఏమప్పా పాండురంగా, గట్టిగా చెప్పు!"

పాండురంగన్ ప్యానెల్ ముందు నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"అందరికీ మనవి. ఒక ఇత్తడి తాంబాళం కనబడలేదు. అంచున శంకరియమ్మాళ్ అని పేరుంటాది. చూసినవాళ్ళు దయచేసి పందిటికి తెచ్చియ్యండి."

ఆ మాటలు ఆ తాంబాళం బెజ్జాల్లోంచే దూరి ఊరి మీద పడ్డాయి. ఊరు అదిరింది. ఏళ్ళ తరబడి పక్కింటి సామాను దాచుకున్నవాళ్ళంతా, తరువాత పిలిచేది తమ పేరేనని తాంబాళాలు నెత్తిన పెట్టుకుని పరుగెత్తుకొచ్చారు. రాక్కమ్మాళ్ అనే ముసలామె తెల్లవాళ్ళ కాలంలో అడిగి తెచ్చుకున్న రోకలి కూడా తెచ్చి పడేసింది.

"ఇదీ మీదేనేమో చూడండమ్మా."

"నాది తాంబాళం!" అని అరిచింది శంకరియమ్మాళ్. "మాపిళ్ళా, ఆ మైకు ఇటియ్యండి. మీ గొంతుకు దొంగ భయపడడు."

ఆమె మైకు పుచ్చుకుని "ఒరేయ్!" అన్నది. ఆ ఒక్క మాటకు ర్యాక్ వణికి పూలమాల జారిపోయింది. బల్బు వెలుగులో అంచు మీద పేరు తళతళలాడింది. ఆమె పేరు చూసింది, బెజ్జాలు చూసింది, బెజ్జం బెజ్జానికీ దిగిన ప్లగ్గులు చూసింది, ఆఖరున అల్లుణ్ణి చూసింది. అల్లుడు నేలను చూశాడు.

చెల్లమ్మ దగ్గరికొచ్చి అక్షరాలు చదివి, చేతులు చరిచింది.

"అయ్యయ్యో, ఇదా రహస్యం! కంపెనీకి అత్తగారి పేరు పెట్టి, మీరు చూసి మురిసిపోవాలని దాచిపెట్టినాడు! మా ఇంటి అల్లుళ్ళకు ఇంత భక్తి యాడుండాది?"

రాజా గారింటి ఆడవాళ్ళంతా చుట్టూ చేరారు. నా సారె తాంబాళాన్ని జల్లెడ చేశాడని అంతమంది ముందు ఏ అత్తగారు చెప్పుకుంటుంది?

"ఆమాం, అదే నిజం," అన్నది శంకరియమ్మాళ్, ఉమ్మి మింగి. "మా మాపిళ్ళ గుణమే అంత." తరువాత అల్లుడి చెవి దగ్గర మెల్లగా, "ఇంటికి రండి, మీ సంగతి చెప్తా," అన్నది. మైకు ఆమె చేతిలోనే ఉంది. ప్యానెల్ ఎంత బాగా పనిచేస్తున్నదో ఊరంతటికీ తెలిసింది.

శుక్రవారం సీమంతానికి చెల్లమ్మ కొత్త తాంబాళం పంపింది, తన చుట్టాల కల్యాణాల బేరాలూ పంపింది. భాగ్యాన్ని కాన్పుకు సత్రపట్టికి తీసుకుపోలేదు. పేరు తనదయ్యాక కంపెనీని గాలికొదిలి పోవడం మర్యాద కాదని శంకరియమ్మాళ్ తానే ఇక్కడ ఉండిపోయింది. ఏ పెండ్లికి ఏ రికార్డు వెయ్యాలో, ఎంత గట్టిగా వెయ్యాలో ఆమే చెప్పేది.

మా ఊళ్ళో ఎవరి ఇనిషియలైనా తండ్రి పేరునుంచి వస్తుంది. పాండురంగన్‌ది మాత్రం అత్తగారి పేరునుంచి వచ్చింది.