డిప్యూటీ రిజిస్ట్రార్ గారి ‘చూద్దాం’

పాఠాలు చెప్పుకుంటున్న మాస్టారిని తీసుకెళ్లి ఆఫీసు కుర్చీలో కూర్చోబెట్టడం కంటే లోకోపకారం మరొకటి లేదు. నమ్మరా? అయితే మా వెంకటరామారావు గారి వైభోగం వినండి!

సత్తుపల్లి వైపు వ్యవసాయ కుటుంబం వారిది. అడవి అంచున ఉన్న మా యూనివర్సిటీలో ఏళ్ల తరబడి బోటనీ చెప్పారు. ఏం చెప్పారు లెండి! ఎవరైనా ఓ ఆకు పట్టుకొచ్చి "ఇదేంది సార్?" అంటే, పుస్తకం తెరిచి పేరు చెప్పి పంపేయొచ్చు కదా? అబ్బే! "చూద్దాం పదండి" అనేవారు. అంతే, క్లాసు క్లాసంతా బూట్లేసుకుని, సద్ది కట్టుకుని ఆయన వెంట చర్ల అడవుల్లో పడేది. చెట్టును చూసేదాకా పాఠం అయ్యేది కాదు. ప్యాంటు నిండా పల్లేరుకాయలు, ఒళ్లంతా దురదగొండి. ఇదీ ఒక బతుకేనా?

దేవుడు చల్లగా చూశాడు. 2006లో ఆయన్ని డిప్యూటీ రిజిస్ట్రార్‌ని చేశారు. ఇక చూడాలి ఆ దర్జా! ఏసీ గది, తిరిగే కుర్చీ, నొక్కగానే అటెండరు జంపయ్య పరుగెత్తుకొచ్చే బెల్లు. టేబుల్ మీద ప్లాస్టిక్ పూలకుండీ. నీళ్లు పోయనక్కర్లేదు, ఆకు రాలదు, దాని పేరేంటని అడిగే వాడూ లేడు!

చదువుకు ఆయన చేస్తున్న సేవ మాత్రం తక్కువా? ‘బోధనా ప్రమాణాలు పెంచడమెలా’ అన్న మీటింగుకు మాస్టార్లందరినీ క్లాసులు మాన్పించి మరీ పిలిపించారు. బిస్కెట్లు కూడా పెట్టించారు.

అన్నట్టు, ఆయన వచ్చేశాక బోటనీకి మాస్టారు లేడు. యూనివర్సిటీలో ఖాళీల సంగతి చూసేది ఆయనే. అంటే ఖాళీ చేసిందీ ఆయనే, ఎందుకు ఖాళీగా ఉందని సంజాయిషీ అడిగేదీ ఆయనే! పాఠాలు చెప్పుకుంటూ కూర్చుంటే ఇంత పొందిక కుదిరేదా?

ఓ రోజు చండ్రుగొండ పక్క తండా పిల్ల సక్రి, బోటనీ క్లాసునంతా వెంటేసుకుని ఆయన గదికి వచ్చింది.

"సార్, చెప్పేటోళ్లు లేరని మా క్లాసు మూసేస్తరంట. మా చదువు నడిమిట్లనే ఆగిపోతది. మీరే వచ్చి చెప్పుండ్రి సార్."

వెంకటరామారావు గారికి ఉన్నపళంగా లేచి ఆ పిల్లల వెంట వెళ్లిపోవాలనిపించింది. అదృష్టం బాగుండి కుర్చీ వదల్లేదు. ఆఫీసు నేర్పిన మంత్రం నోట్లోంచి దానంతటదే వచ్చేసింది.

"చూద్దాం."

ఆఫీసుల చుట్టూ తిరిగిన ఎవరికైనా దీని అర్థం తెలుసు. ఇక ఇంటికి దయచేయండి అని. కానీ బోటనీ పిల్లలకు ఎలా తెలుస్తుంది? వాళ్లకు ఆ మాట నేర్పింది ఈయనే కదా!

మర్నాడు పొద్దున ఆయన ఆఫీసు కారు దిగేసరికి మెట్ల మీద పిల్లలంతా కూర్చుని ఉన్నారు. కాళ్లకు బూట్లు, ఒళ్లో సద్దిమూటలు.

"ఏంటమ్మా ఇది?"

"చూద్దామన్నరు కద సార్!" సక్రి మొహం వెలిగిపోతోంది. "మీకు గూడ రొట్టెలు కట్టుకొచ్చిన. ఎటు పోదాం?"

జంపయ్య పక్కకు తిరిగి నవ్వు ఆపుకున్నాడు. ఆయన మాత్రం ఆ బూట్ల వంకే చూశారు. అడవి మొహం చూసి ఎన్నాళ్లయింది!

"ఆ మాటకు ఇక్కడ అర్థం వేరమ్మా" అన్నారు మెల్లిగా.

"ఏంది సార్, అర్థం?"

ఏ మొహం పెట్టుకుని చెబుతారు? ఇంతలో జేబులో సెల్లు మోగింది, మీటింగుకు టైమైందని. అలవాటు పడ్డ నోరు అలవాటైన మాటే అంది.

"చూద్దాం."

పిల్లలంతా సద్దిమూటలు భుజాన వేసుకుని హుషారుగా లేచి నిలబడ్డారు.