చక్రాలకు తెగులు మందు

మా ఇంట్లో పురుగులకున్న మర్యాద నాకు లేదు. బాధపడి చెప్పడం లేదు, ఉన్నమాట చెబుతున్నాను. పట్టుపురుగుల షెడ్డులోకి ఎవరు పోవాలన్నా బ్లీచింగ్ నీళ్లలో కాళ్లు తడుపుకొని పోవాలని మా ఆవిడ మంజులత చట్టం. పురుగులు ఆకు తినేటప్పుడు గట్టిగా మాట్లాడకూడదు. నేను అన్నం తినేటప్పుడు మాత్రం ఎంత గట్టిగానైనా మాట్లాడవచ్చు. ఆమె మాట్లాడుతుంది కూడా.

ఎర్రమంచి పక్కన మాకున్నవి ఆ షెడ్డు, కాస్త మల్బరీ తోట, ఒక పాత పికప్పు బండి. షెడ్డూ తోటా ఆమెవి, బండి నాది. ఊళ్లో నన్ను నలుగురూ ‘ఓనరు’ అని పిలుస్తున్నారంటే ఆ బండి పుణ్యమే.

అలాంటి బండిని అమ్మేద్దామంది.

“ధర్మవరం నుంచి తిరుపాలని ఒకాయన వస్తాడు. గొర్రెలు తోలేదానికి బండి కావాలంట. నడిపి చూసి తీసుకుంటాడు.”

“నాకు చెప్పకుండానా?”

“ఇప్పుడు చెప్తాండా కదా!”

“బండి పోతే నేనేం చేసేది?”

“ఇంటికాడ ఉండు. ఆకు కొయ్యి.”

స్టీరింగు పట్టిన చేతికి కొడవలి ఇస్తుందట. ఆ పూట నాకు ముద్ద దిగలేదు. ఖాళీ కడుపులో ఉపాయం పుట్టింది.

నడిపి చూసి కొంటానన్నవాడు నడవని బండిని ఎలా కొంటాడు? వెనక చక్రాలు బిగుసుకుంటే చాలు. హ్యాండ్‌బ్రేక్ ఆఖరి దాకా లాగి పెట్టాను. అదొక్కటే అయితే వచ్చినవాడు దించేస్తాడు. అందుకని షెడ్డులో మిగిలిన బ్లీచింగ్ నీళ్లు బకెట్టుతో తెచ్చి, వెనక బ్రేకు డ్రమ్ములు బాగా తడిసేలా పోశాను. కాస్త తుప్పు పట్టి బిగుసుకుంటాయి, ఆయన అటు పోగానే లివరు దించితే వదిలేస్తాయి అని నా లెక్క. లెక్కల్లో నేను చిన్నప్పటి నుంచీ ఇంతే.

మర్నాడు తిరుపాల్ రానే వచ్చాడు. బండెక్కి, హ్యాండ్‌బ్రేక్ దించాడు. ఇంజను స్టార్టయింది, గేరు పడింది, బండి మాత్రం మూలిగి ఉన్నచోటే ఉంది.

నేను ముఖం వేలాడేసుకున్నాను. “గేర్‌బాక్సు పోయినట్టుండాది తిరుపాలన్నా. శానా ఖర్చు. నీకెందుకీ పీడ?”

పరామర్శకు వచ్చినవాడిలా తలాడించి ఆయన కిందికి దిగాడు. నా లెక్క సరిపోయిందనుకున్నాను.

అప్పుడే మంజులత పట్టుగూళ్ల సంచుల్లో ఒకటి భుజాన వేసుకొని షెడ్డులోంచి వచ్చింది. “మబ్బు పట్టింది. వాన రాకముందే హిందూపురం మార్కెట్టుకు చేరాల. బండి తియ్యి.”

“రేపు పోదాంలే.”

“రేపా? ఇప్పటికే ఆలస్యమైంది. పురుక్కు రెక్కలొచ్చి గూడు తొలుచుకుంటే ఏం చేస్తావు? బొక్క పడిన గూడు ఎవురు కొంటారు?”

ఆ సంచుల్లో ఉన్నది ఆమె నెల రోజుల కష్టం. ఊళ్లో ఆటోలన్నీ పొద్దున్నే గూళ్లేసుకొని హిందూపురం పోయాయి. పరుగెత్తి బండెక్కి ముందు గేరు వేశాను, వెనక గేరు వేశాను. ఇంజను గుంజి గుంజి ఆగిపోయింది గాని వెనక చక్రాలు తిరగలేదు.

“గేర్‌బాక్సే!” అన్నాను. ఈసారి గొంతులో ఏడుపు నిజమైనదే.

“న్యూట్రల్‌లో పెట్టి ఒక చక్రం లేపి చూస్తాం ఉండప్పా,” అన్నాడు తిరుపాల్.

జాకీ పెట్టి లేపాం. ఇద్దరం కలిసి తిప్పినా చక్రం తిరగలేదు.

“న్యూట్రల్‌లో గూడా తిరగలేదంటే తప్పు గేర్లలో లేదు. బ్రేకులే పట్టుకున్యాయి,” అన్నాడు.

మంజులత చక్రం పక్కన కూర్చుని వాసన చూసింది. ఒకసారి చూసి ఊరుకోక రెండోసారి కూడా చూసింది. తరువాత నన్ను చూసింది.

“ఏమయ్యా, పురుగులింటికి కొట్టే మందు చక్రానికెందుకు కొట్టినావు? చక్రానికేమన్నా తెగులొచ్చిందా?”

“దానికీ శుభ్రం ఉండాలని...”

తిరుపాల్ మర్యాదస్థుడు. మబ్బును చూస్తూ నిలబడ్డాడు.

ఆ తరువాత సుత్తే మాట్లాడింది. చక్రాలూడదీసి, కేబులు వదులు చేసి, డ్రమ్ము చుట్టూ కొట్టగా కొట్టగా వదిలింది. గరుకు కాగితంతో తుప్పు గీకి, బ్రేకు తొక్కి చూసి, సంచులెక్కించాం. స్టీరింగు తిరుపాల్‌కు, పక్క సీటు మంజులతకు దక్కాయి. సంచులు జారకుండా పట్టుకునే ఉద్యోగం నాకిచ్చారు.

గజం కూడా కదలకూడదనుకున్న బండిని సోమందేపల్లి మీదుగా హిందూపురం దాకా, లోడుతో సహా, కొనేవాడే నడిపి చూశాడు. మార్కెట్టులో దిగి బానెట్టు మీద చెయ్యి వేసి, “ఇంజను బంగారమప్పా! తీసుకుంటాండా,” అన్నాడు.

వేలంలో గూళ్లకు మంచి ధరే పలికింది. నేను టీ అంగడి దగ్గర నిలబడి బండిని చూస్తుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. మంజులత వచ్చి పక్కన నిలబడింది.

“ఇంత బాగున్న బండినెందుకు అమ్మినావే?”

“బండి మింద నాకేం పగ? రాత్రిళ్లు బాడుగకు పోతావు. యాడుండావో, ఎట్లుండావో. నీ బండి చప్పుడు ఇనపడేదాకా నాకు కన్ను మూతపడదు. పురుగులకు ఆకేస్తా కూర్చుంటా. వాటికి అంత ఆకలి లేదు.”

జేబులో దాచిన రెండో తాళం చెవి తీసుకుపోయి తిరుపాల్‌కు ఇచ్చేశాను.

ఆయన బండిని అట్నుంచటే గొర్రెల సంతకు తోలుకుపోతే, మేము ధర్మవరం పోయే బస్సులో పెనుకొండకని ఎక్కాం. ఆమె ఆధార్ కార్డు చూపించి ఉచిత టికెట్టు తీసుకుంది. నా టికెట్టు తరువాత కొడతానని పోయిన కండక్టరు ముందు సీట్లు చూసుకొని వచ్చేలోగా నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. పట్టపగలు ఆమె నిద్రపోవడం నేనెప్పుడూ చూడలేదు.

“అక్కకు ఫ్రీ. నువ్వు దుడ్లియ్యాల,” అన్నాడు కండక్టరు.

దుడ్లన్నీ ఆమె కొంగు ముడిలో ఉన్నాయి.

“ఆమె లేస్తే ఇస్తాలేప్పా,” అన్నాను మెల్లగా.

“పెనుకొండ వచ్చినా లేయకపోతే?”

“ధర్మవరం దాకా కొట్టు టికెట్టు.”