కళ్ళ పరీక్ష గదిలో నల్ల పెట్టె

ఆ రోజు ఉదయం కళ్ళద్దాల షాపాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్యను వాళ్ళక్క డాక్టరు దగ్గరికి తీసుకెళ్తుంది. మధ్యాహ్నం దాకా ఇద్దరూ రారు. ఈలోగా ఒక బేస్ గిటారు, దానికి తగ్గ యాంప్లిఫయరు కొని, ఇంటికి తెచ్చి, పడగ్గది మూలన పెట్టి దుప్పటి కప్పేసి, ఏమీ ఎరగనట్టు వెళ్ళి షాపు తెరుచుకోవాలి. ఇంత సులువైన పనిని చెడగొట్టడం మామూలు మనుషుల వల్ల కాదు. ఆయన వల్ల అయింది.

భార్యకి కిందటేడు మెడ దగ్గర ఆపరేషన్ జరిగింది. మనిషి కోలుకుంది గాని, గొంతు పాత చోటికి తిరిగి రాలేదు. బాగా కిందికి దిగి, బొంగురుగా, బరువుగా అక్కడే ఉండిపోయింది. షాపు ఫోను తీసి ఆవిడ హలో అంటే అవతలివాళ్ళు నమస్కారం సార్ అనేవారు. మొదట్లో నవ్వింది. తర్వాత ఒకరోజు ఫోను భర్త చేతిలో పెట్టి, వెనక గదిలో లెన్సుల అంచులు అరగదీసే మిషను ముందు కూర్చుంది. అప్పట్నించీ అక్కడే. అంతకు ముందు అద్దాలు తుడుస్తున్నా, బట్టలు మడతపెడుతున్నా ఏదో ఒక పాట పాడుతూనే ఉండేది. ఇప్పుడు పాట మానేసింది. ఆయనకి ఇంట్లో ఒక మనిషి తగ్గినట్టుగా ఉంది.

కాలేజీ రోజుల్లో ఆయన ఓ ఏడాది, అన్నిటికంటే కింది స్వరాలు పలికే ఈ బేస్ గిటారు వాయించాడు. మిగతా వాయిద్యాలన్నీ స్నేహితులు ముందే పంచేసుకోవడం వల్ల ఆయనకి మిగిలింది అది. ఇన్నాళ్ళకి అది గుర్తొచ్చింది. భార్య గొంతు కంటే ఇంకా కింద, మెత్తగా ఒక స్వరం నడుస్తుంటే, ఆవిడకి తన గొంతు కాస్త పైకి వినిపిస్తుందనీ, అప్పుడు సిగ్గు వదిలి పాడుతుందనీ లెక్క వేశాడు. చూపు మందగించిన వాళ్ళకి లెన్సు అమర్చే మనిషికి ఇంతకంటే వేరే ఉపాయం తోచదు.

వాయిద్యాల షాపు నడిపే ఆవిడ నడివయసు మనిషి. వేళ్ళ కొసలు కాయలు కాచి ఉన్నాయి. ఏ గిటారు కావాలని అడగలేదు. ముందు ఇంకోటి అడిగింది.

"ఎక్కడ వాయిస్తారండీ? ఇంట్లోనా, నలుగురితో కూర్చునా, స్టేజీ మీదా?"

పడగ్గదిలో, ఒక్క మనిషి కోసం. అంతే చెప్పాలి. కానీ వెనకాల జుట్టు పెంచుకున్న ముగ్గురు గిటార్లు పట్టుకుని వింటున్నారు. బట్టతల మీద చెయ్యి ఆడించుకుని, "స్టేజీ మీదేనండీ" అన్నాడు.

నిజానికి ఈ జబ్బు ఆయనకి బాగా తెలిసినదే. చార్టులో అక్షరాలు బట్టీపట్టి వచ్చి, కళ్ళు బాగున్నాయని దబాయించే వాళ్ళని రోజూ చూస్తాడు. మీరు అబద్ధమాడితే నష్టం మీ కళ్ళకేనని రోజూ క్లాసు పీకుతాడు. ఇప్పుడు మాత్రం, డ్రమ్స్ ఉంటాయా అంటే ఉంటాయన్నాడు, హాలు పెద్దదా అంటే పెద్దదేనన్నాడు. ఆవిడ పాపం ఓపిగ్గా విడమరిచి చెప్పింది. ఇంట్లో సాధనకైతే చిన్న యాంప్లిఫయరు చాలట. డ్రమ్స్ పక్కన నిలబడాలంటే మాత్రం బేస్‌కి మామూలు గిటారు కంటే ఎక్కువ వాట్లు కావాలట, స్పీకర్లూ పెద్దవే ఉండాలట, లేకపోతే కింది స్వరాలు గాల్లో కలిసిపోతాయట. వేళ్ళతో తీగలు నొక్కే మెడ పొట్టిగా ఉన్న గిటారు చేతికి తేలికే గాని, స్టేజీ మనిషి కాబట్టి పొడుగు మెడది, అయిదు తీగలది మేలంది. ఆయన బొటనవేలు ఆ మెడని సగం కూడా చుట్టలేకపోయింది. అయినా చిరునవ్వుతో తలాడించాడు. యాంప్లిఫయరు బట్టలుతికే మిషనంత ఉంది. సామాను పంపడానికి చిరునామా అడిగితే, అలవాటు కొద్దీ జేబులోంచి షాపు కార్డు తీసిచ్చాడు.

ఆ సంగతి ఆయనకి షాపు ముందు వ్యాను ఆగాక తెలిసింది. ఇద్దరు మనుషులు నల్ల పెట్టెని రొప్పుతూ దించారు. కౌంటరు వెనక్కి అది పట్టలేదు, వెనక గదిలోకి దూరలేదు. చివరికి కళ్ళ పరీక్ష గదిలో గోడవారన, పరీక్షకొచ్చిన వాళ్ళు కూర్చునే చోట పెట్టి, కుర్చీని ముందుకి జరిపేశారు. చార్టుకీ కుర్చీకీ మధ్య ఉండాల్సిన దూరం సగానికి సగం పోయింది. భార్య వచ్చేలోపు దీన్ని ఎలా తరలించాలా అన్న కంగారులో ఉన్నాడేమో, ఆయన అది గమనించలేదు.

మొదట కూర్చున్నది రిటైరైన మాస్టారు. ఏటా నాలుగో వరుస దగ్గర ఆగిపోయి, అక్షరాలు సరిగ్గా అచ్చు పడలేదని చార్టుతో తగువు పెట్టుకునే మనిషి. ఈసారి చివరి వరుస దాకా గడగడా చదివేశాడు. దాని కింద చీమ తలకాయలంత అక్షరాల్లో ఉన్న ప్రెస్సు పేరు కూడా చదివాడు. కళ్ళజోడు మార్చక్కర్లేదని షాపాయన పరధ్యానంగా చెప్పి పంపేశాడు. తర్వాత వచ్చిన ఇద్దరూ అంతే. నాలుగో ఆవిడ కూర్చుని కాళ్ళు చాపబోతే బూట్లు చార్టు కిందున్న బల్లకి తగిలాయి. అప్పుడు వెలిగింది ఆయనకి.

అప్పటికే ఆలస్యమైపోయింది. మాస్టారు బస్టాపులో నిలబడి, షాపులోకి ఏదో కొత్త మిషను వచ్చిందనీ, కూర్చుంటే చాలు చూపు తిరిగొస్తోందనీ చాటింపు వేసేశాడు. ఎవరో చెప్పగా విన్నది కాదు, తన కళ్ళతో చూశానన్నాడు. కాసేపటికి షాపు ముందు వరుస కట్టారు. మాస్టారు భార్యని వెంటబెట్టుకుని మళ్ళీ వచ్చి అందరికంటే ముందు నిలబడ్డాడు.

"కుర్చీ జరిగిందండీ, చూపు జరగలేదు" అని షాపాయన మొత్తుకున్నాడు. ఎవరూ నమ్మలేదు. మిషనుని గొప్పవాళ్ళ కోసం దాచిపెడుతున్నాడన్నారు. అది మిషను కాదని రుజువు చేయడానికి ఒకటే దారి కనిపించింది ఆయనకి. గిటారు భుజాన తగిలించుకుని, ప్లగ్గు పెట్టి, స్విచ్చి వేసి, అన్నిటికంటే లావు తీగని ఒక్కసారి మీటాడు. శబ్దం ఎంత పెట్టి ఉందో చూసుకోలేదు.

ముందు నేల వణికింది. తర్వాత గోడల మీది ఫ్రేములు తమ అరల్లో మెల్లగా నడవడం మొదలుపెట్టి, వరసగా అంచు దాకా వచ్చి, ఒకదాని వెనక ఒకటి కిందికి దూకాయి. చార్టు మేకు ఊడి పడింది. పై అంతస్తులోని ఇన్సూరెన్సు ఆఫీసు మొత్తం భూకంపమనుకుని మెట్లు దిగి వచ్చింది. వాళ్ళు కూడా వరసలో కలిసిపోయారు. మాస్టారు మాత్రం తృప్తిగా తలూపి, ఇదిగో, ఇప్పుడు ఆన్ చేశారని వెనకవాళ్ళకి చెప్పాడు.

సరిగ్గా అప్పుడే ఆయన భార్య, వదిన ఆటో దిగారు. ఆవిడ వరుసని చూసింది, నేల మీది ఫ్రేముల్ని చూసింది, వాటి మధ్య గిటారుతో బిక్కమొహం వేసుకున్న మొగుణ్ణి చూసింది. జనం ఆయన్ని తోసుకుని పరీక్ష గదిలోకి వెళ్ళబోతున్నారు. ఆయన మాట ఒక్కరూ వినడం లేదు.

"అందరూ బయటికి నడవండి. షాపు మూసేస్తున్నాం."

ఆవిడ అరవలేదు. ఆ గొంతుకి అరవాల్సిన అవసరమే లేకపోయింది. షాపంతా ఒక్కసారి సద్దుమణిగింది. అటు తిరిగి నిలబడ్డ మాస్టారు "అలాగే సార్" అని ఇటు తిరిగి, ఆవిణ్ణి చూసి కొయ్యబారిపోయాడు. ఏడాదిగా ఆవిడ దేనికి భయపడి వెనక గదిలో దాక్కుందో, అది ఇంతమంది ముందు జరిగిపోయింది.

ఆవిడ మాస్టారి వైపు తిరిగింది.

"మాస్టారూ, మీకు కళ్ళజోడు మార్చాల్సిందే. రేపు రండి" అంది.

వరసలో ఎవరో నవ్వారు. మాస్టారి భార్య ఇంకా గట్టిగా నవ్వింది. చివరికి మాస్టారు కూడా నవ్వి, రేపు తప్పకుండా వస్తానన్నాడు. జనం మెల్లగా కదిలారు.

తలుపు వేశాక ఆయన కింద కూర్చుని ఫ్రేములు ఏరుతూ అంతా చెప్పేశాడు. తల ఎత్తకుండా చెప్పాడు. "నువ్వు పాడడం మానేశావు. నాకు ఇంట్లో ఏమీ తోచట్లేదు. నీ గొంతు కంటే కింద ఇంకోటి పలుకుతుంటే, నీకు ధైర్యం వస్తుందనుకున్నాను."

ఆవిడ యాంప్లిఫయరు దగ్గరికెళ్ళి శబ్దం బాగా తగ్గించి, లావు తీగ మీద వేలు పెట్టి మీటింది. నున్నగా, నిండుగా పలికింది. ఇంకోసారి మీటింది.

"ఎంత కిందనుంచి మాట్లాడుతోందో చూడండి. దీన్నెవరూ సార్ అనరు" అంది.

గిటారు తనే ఒళ్ళోకి తీసుకుంది. ఆవిడవి పొడుగాటి వేళ్ళు, ఆ మెడ మీద హాయిగా కుదురుకున్నాయి. ఎక్కడ నొక్కాలో ఆయన చూపించాడు. పాడమని బతిమాలితే, నేను పాడను, కావాలంటే మీరు పాడండి అంది. ఆయన పాడాడు. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆయన పాడగా ఆవిడ ఎప్పుడూ వినలేదు. అది ఆయన తనకి చేస్తూ వచ్చిన ఎంత పెద్ద ఉపకారమో ఆవిడకి అప్పుడు అర్థమైంది. వదిన ఏదో పనున్నట్టు వీధిలోకి వెళ్ళింది. ఆవిడ రెండు చరణాలు పళ్ళబిగువున భరించింది. మూడోదానికి ఇక ఆగలేకపోయింది.

"అలా కాదండీ" అని, ఆ లైను ఎలా పాడాలో పాడి చూపించింది. చూపించాక ఆగడం మర్చిపోయింది. గొంతు కిందనే ఉంది, బరువుగానే ఉంది, తీగతో కలిసి సాఫీగా నడిచింది. ఆయన పరీక్ష కుర్చీలో కూర్చుని విన్నాడు. సంతోషంతో ఏడ్చేశాడు.

మర్నాడు ఇద్దరూ వాయిద్యాల షాపుకి వెళ్ళారు. ఆయన నిజం ఒప్పుకున్నాడు. స్టేజీ లేదు, డ్రమ్స్ లేవు, పడగ్గది ఉంది. షాపావిడ నవ్వి, ఆ ముక్క ముందే చెప్పాల్సిందంటూ, చంకలో పట్టే చిన్న యాంప్లిఫయరు ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టింది. వాయించేది ఎవరో తెలుసుకుని భార్య వైపు తిరిగి, ఎంత గట్టిగా వినబడాలని అడిగింది.

"నేను పాడుతుంటే ఈయన కూడా అందుకుంటున్నారండీ. ఆ గొంతు వినబడకుండా ఉంటే చాలు" అంది భార్య.

అంచనా కోసం షాపావిడ ఆయన్ని ఒక్క లైను పాడమంది. విన్నాక, చిన్న యాంప్లిఫయరుని మారుమాట లేకుండా లోపలికి పట్టుకెళ్ళిపోయి, మొదట కొన్నదే ఉంచుకోమంది.